నవ్వమని మా నాన్నగారు ఇచ్చిన ఆజ్ఞ

మొన్న సాయంత్రం నా మనవరాలు ఏదో దౌత్య కార్యాలయంలో పాత ఫ్రెంచి చిత్రం చూసి తామ్వేలోని మా ఇంటికి వచ్చి, అందులో మన రేవు కనబడిందనీ, బురదలో జారిపడ్డ మేస్త్రీని చూసి తెలుగు కూలీలు పడీపడీ నవ్వారనీ చెబుతూ తానూ నవ్వింది. నేను నవ్వలేదు. ఆ నవ్వు ఎలా వచ్చిందో నా యీడువాళ్లకైనా చెప్పుకుంటే కొంత ఊరట.

ఇరవయ్యో దశకంలో సేక్కాన్ రేవులో ఓడల సరుకు దించే ముఠాలు చాలా వరకు మా నాన్నగారి చేతికింద ఉండేవి. శ్రీకాకుళం, గంజాం వైపుల నుంచి సముద్రం దాటి ఈ దేశం వచ్చిన ఆ మనుషులకు పని చూపడం, బస ఇవ్వడం, తగవులు తీర్చడం అన్నీ మా వాకిట్లోనే. అయితే నేను చదువు ముగించి ఆయన వెంట రేవుకు వెళ్లడం మొదలుపెట్టేనాటికి, ఊళ్లోనే లత అనే పేటలో కొత్తగా తలెత్తిన ఒక మేస్త్రీ మా ముఠాల్లో సగం లాక్కున్నాడు. మిగిలిన సగం మా దగ్గర నిలిచింది కేవలం నాన్నగారి మీది భయభక్తుల వల్ల. ఆయన జరీ తలపాగా దూరాన కనబడితే చాలు, చుట్టలు ఆరిపోయేవి.

అటువంటి సమయంలో ఫ్రాన్సు నుంచి చిత్రం తీసేవాళ్లు వచ్చారు: దర్శకుడూ, కథ రాసిన ఆయన భార్యా, కెమెరా పిడి తిప్పి బొమ్మ పట్టే ఆయన బావమరిదీ. బొమ్మకు మాటలు లేని రోజులు కనుక మధ్యమధ్య ఫ్రెంచి అక్షరాలు వేస్తారట. కథేమిటంటే, మిడిసిపడే రేవు మేస్త్రీ ఒకడు బురదలో పడి నవ్వులపాలవుతాడు; చివర జబ్బుపడితే ఆ కూలీలే అతన్ని భుజాల మీద మోస్తారు. ముందు బాగా నవ్వినవాళ్లే తరవాత ఏడుస్తారని ఆవిడ ఇంగ్లీషులో చెబితే నేను నాన్నగారికి వివరించాను. ఆయన చెవికెక్కింది చివరి భాగమే. మేస్త్రీగా నటించే వేషగాడికి తన తలపాగా ఇచ్చారు. నేను వద్దంటే, మన పాగా ఫ్రాన్సు దాకా వెళుతుంది, నీకేం తెలుసన్నారు.

వేషగాడు పడ్డాడు. చూసి నవ్వడానికని నిలబెట్టిన మా కూలీలు నవ్వలేదు సరికదా, ముఠా పెద్ద పరుగున వెళ్లి లేవదీశాడు, మరొకడు తలపాగా తీసి కళ్లకద్దుకుని బురద తుడిచాడు. ఎన్నిసార్లు పడినా అదే వరస. దర్శకుడు టోపీ నేలకు కొట్టాడు. నాకూ విసుగు పుట్టి కసిరాను.

“ఏటి బాబూ తమరనీది? ఆ పాగా పెదబాబుగోరిది. మట్టిలో పడితే మావెలగ నవ్వగలం?” అన్నాడు ముఠా పెద్ద.

“ఆ దొరసాన్ని పడమను బాబూ, అప్పుడు నవ్వుతాం,” అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఎండ వాలిపోతోంది. రేపు లత మేస్త్రీ మనుషులను పిలిపించుకుంటానన్నాడు దర్శకుడు. ఆ పేరు విన్న నాన్నగారు పాగా లేని తలతోనే ముందుకు వచ్చి, “నవ్వండర్రా. నేనే సెప్తన్నాను,” అన్నారు.

వాళ్లు బస్తా ఎత్తమంటే ఎత్తినట్టే నవ్వారు, నోళ్లతో మాత్రమే. ఇంతలో వేషగాడు మరోసారి జారి, తలపాగా ముక్కు మీదికి దిగి కూలబడ్డాడు. ఎవడో ఆపుకోలేక కిసుక్కుమన్నాడు. దానితో అందరికీ నిజమైన నవ్వే ముంచుకొచ్చింది. బురదలోని పాగాను చూసి, నాన్నగారి నెత్తిని చూసి, మళ్లీ నవ్వారు. బావమరిది పిడి తిప్పుతూనే ఉన్నాడు.

మర్నాటి నుంచి నాన్నగారు కేకలేస్తే వెనక వరసలో ఎవరో ఒకరు దగ్గి నవ్వు మింగేవారు. ఆ ఏటి వానలు వెళ్లేలోగా ముఠాలన్నీ లతకు తరలిపోయాయి. చివరగా వెళ్లిన ముఠా పెద్ద “కడుపు కోసం బాబూ” అని తలెత్తకుండా చెప్పాడు. చిత్రం తీసినవాళ్లు ఒక్క ముక్క రాయలేదు. కూలీలు మోసుకువచ్చే ఆ భాగం అసలు తీశారో లేదో నాన్నగారికి పోయేదాకా తెలియనే లేదు.

ఇప్పుడు రేవులో బరువులు యంత్రాలు ఎత్తుతున్నాయి. మావాళ్ల పిల్లలు ఆఫీసుల్లో చేరి, పేరు ముందు ‘ఊ’ అని గౌరవంగా చేర్చి పిలిచే పై అధికారి భుజం మీదే చెయ్యి వేసి హాస్యాలాడుతున్నారు. ఇవే మంచి రోజులంటారు. కావచ్చు. ఏదైనా పనిమీద సేక్కాన్ వెళ్లినప్పుడు బస్సు దిగి, ఎవరైనా దారి ఇస్తారేమోనని నా కాళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. జనం నన్ను ఒరుసుకుంటూ పోతారు. అప్పుడు నేనే పక్కకు జరిగి నడుస్తాను.