వీలైతే రండి

గోవర్ధనరావు వచ్చి పిలిస్తే రానివాళ్ళు ఉండరని దివిసీమలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన చదివింది ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి వరకే. అయినా రెండుసార్లు సర్పంచిగా చేశాడు. సొసైటీకి అధ్యక్షుడిగా చేశాడు. ఊరికి మంచినీళ్ళ ట్యాంకు కట్టించిందీ, అవనిగడ్డ బస్సును ఊళ్ళోకి తిప్పించిందీ ఆయనే. ఉప్పెన తీసిన తర్వాత మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, ఒక పందిరి కింద కూర్చోబెట్టి గంజి పోయించిన నాటికి ఆయన ఇంకా పడుచువాడు. ఈ సంగతులన్నీ అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

వీటన్నిటికంటే ఆయనకు గర్వమైనది మాత్రం పిలుపే. ఇంట్లో శుభకార్యమంటే ఇస్త్రీ పంచె కట్టుకుని, పైన కండువా వేసుకుని తనే బయల్దేరేవాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి కూర్చునేవాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగేవాడు. కుటుంబ సమేతంగా రండి అని ఒక్క మాటతో తేల్చెయ్యడం ఆయనకు తెలియదు. ఇంటి పెద్ద దగ్గర మొదలుపెట్టి ఉయ్యాల్లో పిల్ల దాకా పేరు పేరునా పిలిచి, చివర్న తప్పకుండా రావాలి అని చెయ్యి పట్టుకునేవాడు.

"వీలైతే రండి అనేవాళ్ళున్నారే, వాళ్ళు పిలిచినట్టు కాదు. వీలైతే రమ్మంటే రావద్దనే అర్థం" అనేవాడు. "నేను గడప దాకా వచ్చాక వీలు నీకుండటమేంటి? నువ్వు చేసుకోవాలి."

కరోనా వచ్చిన ఏడు శ్రావణంలో మనవరాలు లిఖిత పెళ్ళి కుదిరింది. కొడుకు దుర్గాశ్రీనివాస్‌కు బందరులో రోల్డుగోల్డు నగల కొట్టుంది. వేసవి ముహూర్తాలన్నీ గాలికి పోయి, చిలకలపూడిలో నగలు చేసే చేతులు ఖాళీగా ఉన్న రోజులవి. ఎప్పుడూ భుజాలు రాసుకుంటూ నడవాల్సిన కోనేరు సెంటర్లో పొద్దెక్కేలోపే షట్టర్లు దిగిపోయేవి. దివిసీమలో ఊళ్ళ మొదట్లో రోడ్డుకడ్డంగా పడేసిన ముళ్ళకంప అప్పటికి తీసేశారు గానీ, కొత్త మనిషి కనిపిస్తే అరుగు మీదున్నవాళ్ళు లేచి లోపలికి పోవడం మాత్రం మానలేదు. కల్యాణమండపాలకు తాళాలు. పెళ్ళికి యాభై మందికే అనుమతి.

యాభై మంది! గోవర్ధనరావు పిల్లల పెళ్ళిళ్ళకు వంటవాళ్ళే అంతమంది ఉండేవారు.

"అందరికీ ఫోన్లో చెప్పేద్దాం నాన్నా. ఇప్పుడు ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు శ్రీనివాస్.

"ఎవరూ అనుకోకపోతే నేననుకుంటానురా" అన్నాడాయన. ఊళ్ళో కారు నడుపుకునే శ్యాంబాబును పిలిచి, ముందుగా గుడివాడ పోనిమ్మన్నాడు.

గుడివాడలో ఉన్నది కాంతారావు. చుట్టరికం ఏమీ లేదు. ఊరి బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అనుకునేవారు, అంతే. గుడివాడలో ఎరువుల కొట్టు పెట్టి స్థిరపడి, దాన్ని అల్లుడికి అప్పగించి ఇంటిపట్టున ఉంటున్నాడు. కూతురూ అల్లుడూ పై వాటాలో ఉంటారు. గోవర్ధనరావు ఇంట్లో ఏ కార్యమైనా మొదటి కార్డు ఆ ఇంటికే.

ఆ రోజు గుడివాడ గుర్తుపట్టేలా లేదు. నెహ్రూ చౌక్‌లో కొట్ల ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం దూరం దూరంగా, పలకరింపుల్లేకుండా నిలబడి ఉన్నారు. కాంతారావు ఇంటి గేటుకు తాళం. లోపల బకెట్లో సబ్బునీళ్ళు, అందులో తేలుతున్న పాల ప్యాకెట్లు. వాటిని కడుగుతున్న వసుంధర తలెత్తి చూసింది.

"గేటు తియ్యమ్మా" అన్నాడు గోవర్ధనరావు.

"తియ్యను అన్నయ్యా. ఏమీ అనుకోకండి. మీ బావగారికి ఆయాసం ఉంది కదా, డాక్టరుగారు ఎవర్నీ దగ్గరికి రానివ్వద్దన్నారు."

వరండాలో కుర్చీలోంచి కాంతారావు గొంతు వినిపించింది. "ఏంటి బావా, దొంగోడిలా మూతికి గుడ్డ కట్టుకొచ్చావ్?"

"నువ్వు తాళమేసుకుని దాక్కుంటే నేను దొంగోణ్ణే అవుతాను మరి. లిఖిత పెళ్ళి. రావాలి."

"ఫోన్లో చూస్తాం అన్నయ్యా" అంది వసుంధర. "శ్రీనివాస్ లైవ్ పెడతానన్నాడుగా. ఇక్కణ్ణుంచే అక్షింతలేస్తాం."

"అవి ఫోను మీద పడతాయమ్మా. పిల్ల నెత్తి మీద పడవు." ఆయన కాంతారావు వైపు తిరిగాడు. "మా సొంత మనుషుల్నే సగం మందిని వద్దన్నాను బావా. వాళ్ళని తీసి నిన్ను పెట్టుకున్నాను. నువ్వు రాకపోతే ఆ ఖాళీ కుర్చీని చూస్తూ పెళ్ళి చెయ్యాలి నేను."

కాంతారావు భార్య వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వీలైతే వస్తాలే బావా" అన్నాడు.

"ఆ మాట నా దగ్గర అనకు. రేపు నేను చచ్చినా వీలైతేనే వస్తావా?"

కాంతారావు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం దగ్గు కూడా వచ్చింది. "అంత మాటెందుకులే. వస్తున్నా పో."

గోవర్ధనరావు కార్డు గేటు ఊచల మధ్య పెట్టాడు. వసుంధర దాని మీద శానిటైజరు చల్లింది. బంగారు రంగు అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. ఆమె బకెట్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరుగుదారిలో ఆయన కారులో ఈల వేశాడని శ్యాంబాబు తర్వాత చాలామందికి చెప్పాడు.

పెళ్ళి బందరులో కొడుకు ఇంటి డాబా మీద షామియానా కింద జరిగింది. కాంతారావు అల్లుడి కారులో ఒక్కడే వచ్చాడు. పట్టు పంచె, ముక్కూ నోరూ మూసిన తెల్ల మాస్కు. లిఖిత నెత్తిన అక్షింతలు వేసి, దూరంగా తన కుర్చీలో కూర్చున్నాడు. భోజనాల దగ్గర మాత్రం గోవర్ధనరావు ఊరుకోలేదు. చెయ్యి పట్టి తీసుకొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తినాలంటే మాస్కులు తియ్యాలి కదా. తీశారు.

రెండు ముద్దలు తినగానే గోవర్ధనరావుకు కోపం వచ్చింది. "ఏమయ్యా వంటాయనా! పప్పులో ఉప్పెయ్యలేదేంటి? సాంబారు చూడు, వేణ్ణీళ్ళు! నా ఇంటి పెళ్ళిలో ఇలాంటి చప్పిడి తిండి ఎన్నడన్నా పెట్టానా?"

"వేశానండీ. అందరూ బాగుందంటున్నారండీ" అని నసిగాడు వంటాయన.

"ఉప్పు సరిపోయింది బావా. నీ నోరే చెడింది" అన్నాడు కాంతారావు.

"నా నోటికేమొచ్చింది? ఇదిగో, ఈ బూరె చూడు, బెల్లం తగిలిందేమో చెప్పు." కొరికిన బూరెలోంచి ఓ ముక్క తుంచి బావ ఆకులో వేశాడు గోవర్ధనరావు. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే.

కాంతారావు ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు. "తేనెలా ఉంది బావా" అన్నాడు.

ఊరికి తిరిగొచ్చాక గోవర్ధనరావుకు ఒళ్ళు కాస్త వెచ్చబడి తగ్గిపోయింది. పెళ్ళి అలసట అనుకున్నాడు. ఆ తర్వాత గుడివాడ నుంచి ఫోను వచ్చింది. కాంతారావుకు ఊపిరి ఆడటం లేదు, విజయవాడ తీసుకెళ్తున్నారు. వారం తిరక్కుండానే ఇంకో ఫోను. మనిషిని ఇంటికి తేలేదు. నీలం సంచీలో చుట్టి, మొహం చూపించకుండా పంపించారు. కూతురు దూరం నుంచే దణ్ణం పెట్టుకుంది. వసుంధర అప్పటికి జ్వరంతో గదిలోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే టీవీలో ఒక డాక్టరు చెబుతున్నాడు. కొందరికి జ్వరం కూడా పెద్దగా రాదట. నోటికి రుచి పోవడమే మొదటి గుర్తట.

గోవర్ధనరావు టీవీ కట్టేశాడు. ఎందుకు కట్టేశారని ఎవరూ అడగలేదు. ఉప్పు లేదని తను అరవడం అందరూ విన్నారు గానీ, అలా ఎందుకు అరిచాడో తెలిసే అవకాశమున్న మనిషి ఒక్కడే. ఆ మనిషి పోయాడు. ఆ సంగతి అంతటితో పోయిందని అనిపించినందుకు ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నీదేముంది గోవర్ధనం, కాలం అట్టా వచ్చింది" అన్నారు తెలిసినవాళ్ళు. అందరూ అదే మాట. వినీ వినీ ఆయనకు ఆ మాట కూడా చప్పిడిగా తోచేది. వసుంధరకు ఒక్కసారి ఫోను చేశాడు. ఆమె ఊ కొట్టిందే గానీ మాట్లాడలేదు. స్వయంగా వెళ్ళాలి. మొదట్లో రాకపోకల్లేవన్నాడు. తర్వాత రెండో విడత వచ్చిందన్నాడు. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులన్నాడు. రోడ్లన్నీ తెరుచుకున్నాయి. గుడివాడ దారి మాత్రం ఆయనకు తెరుచుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఏ కార్యం వచ్చినా ఆయన పిలుపులకు బయల్దేరలేదు.

మూడేళ్ళు తిరిగే సరికి లిఖితకు పాప పుట్టి, మొదటి పుట్టినరోజు వచ్చింది. కోనేరు సెంటర్లో మళ్ళీ కాలు పెట్టే సందు లేదు. బందరులో పెద్ద ఫంక్షన్ హాలు మాట్లాడారు. జనం లెక్క అడిగేవాళ్ళు లేరు. అయితే కరోనా రోజుల్లో అలవాటైన ఫోను పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇదే మా వ్యక్తిగత ఆహ్వానంగా భావించగలరు అని కింద రాసి, కార్డును వాట్సాప్‌లో అందరికీ పంపేశారు. దేవుడి దగ్గర పెట్టడానికి మాత్రం నాలుగు కార్డులు అచ్చేయించారు.

"మావయ్యగారు ఒప్పుకుంటారో లేదోనని భయపడ్డాను. కాలానికి తగ్గట్టు మారారు" అని మురిసిపోయింది, ఆ వారం ఊరొచ్చి ఉన్న కోడలు పూర్ణిమ.



సాయంత్రం పూర్ణిమ ఫోను చూస్తూ, "గుడివాడ వసుంధర అత్తయ్యగారు జవాబిచ్చారండీ. అన్నయ్యగారి ఆరోగ్యం బాగుందా అని అడిగారు. పాపం, మీరంటే ఎంత అభిమానమో" అంది.

గోవర్ధనరావు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. పిలవాల్సిన మనిషి రాకుండా కార్డు ఒక్కటే వస్తే, ఆ మనిషి మంచంలోనైనా ఉండాలి. ఒకప్పుడు ఇలాంటి కార్డు తనకొస్తే తను అడిగిన మాటే అది. ఎదుటివాళ్ళకు గుచ్చుకోవాలనే అడిగేవాడు.

మర్నాడు పొద్దున్నే శ్యాంబాబు కారు ఎక్కాడు. చల్లపల్లిలో శ్యాంబాబు బండి ఆపాడు.

"స్వీట్లేమన్నా తీసుకుందామాండీ?"

"పరామర్శకి స్వీట్లేంట్రా?"

"మూడేళ్ళయ్యాక పరామర్శేంటండీ? పుట్టినరోజుకి పిలవడానికి కదండీ?"

చివరికి అరటిపళ్ళు కొనమన్నాడు. కూచిపూడి దాటి పామర్రు వచ్చేదాకా ఆ పళ్ళు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

గుడివాడలో గేటుకు తాళం లేదు. అయినా ఆయన బయటే నిలబడిపోయాడు. వసుంధర చూసి వచ్చి గేటు తీసింది. జుట్టు బాగా నెరిసింది.

"రండి అన్నయ్యా. ఇప్పుడు మూతికి గుడ్డ కట్టక్కర్లేదుగా" అంది. నవ్వలేదు.

వరండాలో కాంతారావు కుర్చీ అక్కడే ఉంది. ఆయన అందులో కూర్చోకుండా స్టూలు లాక్కున్నాడు. వసుంధర గడపకు ఆనుకుని కూర్చుంది.

"ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు మీ బావగారు. మాట్లాడగలిగిన చివరి రోజు" అని ఆమే మొదలుపెట్టింది. "ఆయాసపడుతూనే నవ్వారు. 'మీ అన్నయ్యకి ఆ రోజే నోటి రుచి పోయిందే. అది తెలీక పాపం ఆ వంటాయన్ని తిట్టాడు' అన్నారు."

గోవర్ధనరావు తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ సంగతి తన ఒక్కడి దగ్గరే ఉందనుకున్నాడు.

"తెలియక జరిగిందన్నది నిజమే. అందరూ నాతో నా రాత అన్నారు. మీతో కాలం అని ఉంటారు" అంది వసుంధర. "నేననను అన్నయ్యా. మీరు వచ్చి పిలవకపోతే ఆయన వెళ్ళేవారు కాదు. ఈ మాట నేననకపోతే ఇంకెవరూ అనరు."

"అనమ్మా" అన్నాడాయన. "ఇంకా అను."

"ఇంకేముంది? గేటు తాళంచెవి పెళ్ళి రోజున నా కొంగునే ఉంది. తియ్యనని గట్టిగా కూర్చుంటే సరిపోయేది. ఆయన మీ పిలుపు కోసం మొహం వాచి ఉన్నారు, సరే పోనీ అనుకున్నా. నా వంతు నాకుంది." కొంగు భుజం మీదికి లాక్కుంది. "కానీ మూడేళ్ళు ఈ గడప తొక్కకపోవడం ఉందే, అది కరోనా చేసింది కాదు. అది మీ ఒక్కరిదే."

ఆయన చేతులు జోడించబోయాడు. "ఊరుకోండి, పెద్దవారు" అని లేచి లోపలికి వెళ్ళింది. కాఫీ తెచ్చి ఇచ్చింది.

"పంచదార సరిపోయిందా?"

ఆమె మామూలుగానే అడిగిందో, కావాలనే అడిగిందో తెలియలేదు. ఆయన ఓ గుటక వేశాడు. ఆ తీపి నాలుక మీద ఎక్కడెక్కడ తగులుతోందో తెలుస్తోంది.

"సరిపోయిందమ్మా."

"ఇంతకీ పిలవడానికి వచ్చారా, చూసి పోదామని వచ్చారా?"

గోవర్ధనరావు జేబులోంచి కార్డు తీశాడు. లేచి నిలబడ్డాడు. కండువా సర్దుకున్నాడు. ఎప్పట్లా ఇంటి పెద్ద పేరుతో మొదలుపెట్టబోయాడు. నోరు తెరిచాడు గానీ ఆ పేరు రాలేదు. "అమ్మా వసుంధరా" అన్నాడు. తర్వాత కూతురి పేరు, అల్లుడి పేరు, పిల్లల పేర్లు చెప్పాడు. పాప పుట్టినరోజు, బందరులో, ఆదివారం. చివర్లో అలవాటైన మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"వీలైతే రండమ్మా" అన్నాడు.

వసుంధర తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "వీలైతే రమ్మంటే రావద్దనే అర్థమని మీరే అనేవారు కదా?"

"అనేవాణ్ణి."

ఆమె కార్డు విప్పి మొత్తం చదివింది. వస్తాననలేదు. రాననీ అనలేదు. గేటు దాకా వచ్చి, "మెల్లగా వెళ్ళండి" అంది.

కారు చౌక్ దాటాక శ్యాంబాబు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "అమ్మగారు వస్తారంటారాండీ?"

"తెలీదురా."

"అదేంటండీ, మీరు పిలిస్తే రానివాళ్ళుంటారా?"

గోవర్ధనరావు కిటికీ బయటికి చూశాడు. కొట్ల ముందు జనం ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ నిలబడి ఉన్నారు.

"రాకపోతే ఏంరా" అన్నాడు. "మనిషి ఉంటే చాలు."