మా అక్క ఈసారి నారు ఇవ్వలేదు

మా అక్క నూకరత్నం ఇంటికి వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. చలికాలం వస్తే కాలీఫ్లవర్ నారు పోస్తుంది. కొంత తన పొలానికి, మిగిలిందంతా చుట్టాలకీ వీధికీ. గాజువాకలో మా మేడ మీది కుండీల్లోకీ అక్కడి నుంచే వస్తుంది. అలాంటిది మొన్న ఫోన్ చేసి, "సెల్లీ, పొలంలో మొక్కలు మజ్జానం అయ్యేసరికి వాలిపోతన్నాయే. సాయంత్రానికి మళ్లీ లెగుత్తన్నాయి. మీ బావ దిష్టిబొమ్మ కూడా కట్టినాడు. రేపు నారు పంచుతానని అందరికీ సెప్పేసినాను. నాకేటీ తోసట్లేదు" అంది. మా అక్క నోట ఆ మాట వినడం నాకు కొత్త. పొద్దున్నే బయల్దేరిపోయాను.

అక్క ఊరు ఆనందపురం దగ్గర. అటువైపు తోటలు చూడాలనుకునేవారికి దారి తేలికే. గాజువాకలో సిటీ బస్సెక్కి మద్దిలపాలెంలో దిగి, విజయనగరం వెళ్లే బస్సు పట్టుకోవాలి. ఆడవాళ్లమైతే ఆధార్ కార్డు పెట్టుకుంటే చాలు, టికెట్టు డబ్బుల గొడవ లేదు. ఆరు గంటలకే కదలండి, లేదంటే మధురవాడ దగ్గర ఆఫీసు బళ్ల మధ్య ఇరుక్కుని డ్రైవర్ని తిట్టుకుంటూ కూర్చోవాలి. ఆనందపురం జంక్షన్‌లో వేడివేడి ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. ఎక్కడికో చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "రత్నమ్మ గారి సెల్లెలా? నారు పంచుతారంట కదా, మాకూ రెండు కట్టలు ఉంచమనండి" అన్నాడు. నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది.

పొలంలో మోటారు నడుస్తోంది. బావ పంచె ఎగ్గట్టుకుని కాలవలో నిలబడి, "రా మరదలా! నీళ్లు పెట్టి పెట్టి మొక్కల కన్నా ముందు నాను వాలిపోయేలా ఉన్నాను" అన్నాడు. మొక్కలకు దాహమనుకుని పాపం రోజూ తడుపుతున్నాడట. ఇంతలో కబురందుకుని ఊరి వ్యవసాయ సహాయకురాలు సునీత బండి మీద దిగింది. నేల చూసి మొదట అన్నమాట, "మావయ్యా, ముందు మోటారు కట్టేయండి."

మొక్కను పీకితే వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయని, గునపంతో చుట్టూ తవ్వి మెల్లగా లేపింది. ఒలమ్మా! అవి వేళ్లలా లేవు, అల్లం కొమ్ముల్లా ఉబ్బి వంకర్లు తిరిగిపోయాయి. "దీన్ని క్లబ్ రూట్ అంటారు, మట్టిలో ఉండి వేళ్లని ఉబ్బించే తెగులు. నులిపురుగులైతే పూసల్లా చిన్న బుడిపెలుంటాయి, వేరంతా ఇలా లావెక్కదు. ల్యాబ్‌కి పంపి ఖాయం చేసుకుందాం. నిరుడు బయటి నారేమైనా తెచ్చి నాటారా?" అని అడిగింది. బావ తల గోక్కున్నాడు. కొండ మీది స్నేహితుడు ఇచ్చాడట, మట్టితో సహా. ఈ పల్లపు నేలలో నీరు నిలిచి అది హాయిగా కాపురం పెట్టింది.

ఈ ఏడాది నారుమడి ఆ పొలంలోనే ఓ మూల ఉంది. చూడ్డానికి పచ్చగా ముద్దొస్తోంది. సునీత నాలుగు మొక్కలు లేపితే రెండింటికి అప్పుడే చిన్న ఉబ్బులు. అక్క ముఖం పాలిపోయింది.

"మంచియి ఏరి ఇత్తానమ్మా."

"మంచివాటికి కూడా ఈ మట్టే అంటుకుని ఉంటుంది కదత్తా. అది ఏళ్ల తరబడి నేలలో పడుంటుంది. మందు కొడితే పోయేది కాదు."

అక్క ఏనాడూ నారు వేళ్లు దులిపి ఇవ్వలేదు. పిడికెడు మట్టితో తడిగోనెలో చుట్టి, "ఆడపిల్లని పంపినట్టు పుట్టింటి మన్నుతో పంపాల" అంటుంది. ఆ ముద్దూ మురిపెమే ఇప్పుడు ఊరందరి పొలాల్నీ పాడుచేసేలా ఉంది. గట్టు మీద చతికిలబడి, "నా సేత్తోనే పంచేద్దును కదే" అని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. కాసేపటికి అక్క ముక్కు చీదుకుని లేచి, నారుమడి తనే తవ్వడం మొదలుపెట్టింది.

బావ అలవాటు కొద్దీ ఆ మొక్కల్ని పెంటకుప్ప మీద వెయ్యబోతే సునీత అరిచినంత పని చేసింది. ఎరువులోనూ వద్దు, పశువులకీ వద్దు, ఆ పొలంలోనే ఎండబెట్టి కాల్చేయాలట. నీరు పోయే కాలవ తియ్యాలి, మట్టి పరీక్ష చేయించి పులుపు ఉంటే సున్నం వెయ్యాలి, చాలా ఏళ్లు అక్కడ కాలీఫ్లవర్, కేబేజీ, ముల్లంగి, ఆవాలు లాంటివి పెట్టకూడదు. "అయితే మొక్కజొన్న ఏద్దాం. పొత్తులు కాల్చుకోడానికి మరదలే ముందొస్తాది" అన్నాడు బావ. అంత దుఃఖంలోనూ అక్క నవ్వింది.

చేపల పులుసుతో అన్నాలయ్యాక, అక్క ఇంటింటికీ వెళ్లి ఈసారి నారు లేదని, ఎందుకు లేదో కూడా చెప్పింది. నేను పక్కనే నడిచాను. ఎదురింటి అప్పలనరసమ్మ అక్క చెయ్యి పట్టుకుని, "దానికేటి వదినా? గింజలు మా పెరట్లో పొయ్యి. నీ సెయ్యి పడితే సాలు" అంది. అక్క ఆవిడ భుజం మీద తల ఆనించింది.

ఇవ్వడమే ప్రేమనుకునేదాన్ని. ఇవ్వకుండా ఆపుకోవడం ఎంత కష్టమో అక్కని చూశాక తెలిసింది. మీరూ ఇలా తోటలు చూడ్డానికి వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్లే ముందు చెప్పుల మట్టి అక్కడే కడిగేయండి. నేను ఆటో ఎక్కబోతుంటే అక్క చెంబుతో పరిగెత్తుకొచ్చి, వద్దంటున్నా వినకుండా కూర్చుని నా చెప్పులు తోమింది. తర్వాత నా ఖాళీ సంచీని రెండుసార్లు తడిమి, "ఈ ఏడుకి ఇంతే సెల్లీ. నా మన్ను ఎవురింటికీ ఎల్లకూడదు" అంది.