సబ్జా చెట్టుకు కాపలా

పూలకొట్టు దగ్గర సబ్జా ఆకు వాసన తగిలితే ఇప్పటికీ ఇంటికి ఫోన్ చేసి, అందరూ బాగున్నారా అని అడుగుతాను.

చిట్యాలలో మా మగ్గం గది పక్కన అవ్వ సబ్జా చెట్టు పెంచేది. పక్కింటి బీబమ్మ, తమవాళ్లలో ఎవరైనా చనిపోతే సమాధి మీద పెట్టడానికి దాని రెమ్మలు తెంపుకుపోయేది. రెమ్మ తెంపడం వల్లే మనుషులు పోతున్నారని నా చిన్న బుర్ర తేల్చేసింది.

అవ్వను జ్వరంతో దవాఖానలో చేర్చిన రోజు బీబమ్మ వచ్చింది. నేను చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"జర జరుగు బిడ్డా."

"జరుగ. మా అవ్వ ఇంకా సావలేదు పో!"

బీబమ్మ ఎండిన కంకి ఒకటి నలిపి నల్లటి గింజలు చూపించింది.

"గివి మీ అవ్వకే బిడ్డా. నానబెట్టి తాపితే ఒంట్ల వేడి తగ్గుతది."

గింజలు తీసుకోనిచ్చాను. ఆకు మాత్రం ముట్టనివ్వలేదు.

అవ్వ కోలుకుని ఇంటికొచ్చింది. ఇంట్లోవాళ్లు డాక్టరు సూదులను పొగిడారు, బీబమ్మ గింజలను పొగిడారు. నా కాపలా ఊసే ఎవరూ ఎత్తలేదు.

చాలా ఏళ్లకు అవ్వ పోయిన రోజు, బీబమ్మ వచ్చి చెట్టు ముందు ఆగి నా వైపు చూసింది.

నేనే పక్కకు జరిగాను.