శనివారం వచ్చిన జుమ్మా

క్యాసినోలో తిండి చవక అని నాకు మొదట చెప్పింది మా ఆయన ఆఫీసు స్నేహితుడు. గోవా వెళ్ళి, ఓడ మీద ఉండే క్యాసినోలో రాత్రంతా కూర్చుని వచ్చాడు. ఏం గెలిచావయ్యా అంటే మాట మార్చేసి, "వదినా, బఫే మాత్రం అదిరిపోయింది, టికెట్టులోనే కలిపి" అన్నాడు. పక్క బల్ల మీద జేబు ఖాళీ అవుతుంటే తిండి దగ్గర ఎవరు బేరం చూస్తారు? మేముండే ఈ గల్ఫ్ దేశంలో క్యాసినో లేదు. రస్ అల్ ఖైమాలో ఒకటి కడుతున్నారని చెప్పుకుంటున్నారు. అది తెరిచిన రోజున, జూదం ఆడకుండా భోజనం మాత్రం చేసి రావచ్చా అని అందరికంటే ముందు నేనే ఫోన్ చేసి అడుగుతాను. అప్పటిదాకా షార్జాలో, అల్ నహ్దాలో, రెండు గదుల ఫ్లాట్లలో ఉండే మాబోటి వాళ్ళకు హోటల్ బఫేలే గతి. అవీ జూదమే. మూతలు తీసేదాకా ఏం తగులుతుందో తెలియదు.

బఫే ఎంచడంలో మా బిల్డింగులో నాకు కొంచెం పేరుంది. హోటల్ వాళ్ళు పెట్టిన ఫొటోలు నేను చూడను. తిన్నవాళ్ళు పెట్టినవి చూస్తాను, అందులోనూ కోపంతో పెట్టినవి. కోపం మీదున్న మనిషి అడుగంటిన ట్రేని కూడా వదలకుండా ఫొటో తీస్తాడు. లోపలికి వెళ్ళగానే ప్లేటు పట్టుకోను. ఒట్టి చేతులతో ఒక చుట్టు తిరిగి వస్తాను. గుమ్మం దగ్గరే వేడి వేడి సూపు, నాలుగు రకాల రొట్టెలు, హమ్మస్ అనే శనగముద్ద పెట్టారంటే అది మన కడుపుకు వేసిన వల అన్నమాట. అసలు సరుకు ఎక్కడో మూల, స్తంభం వెనక ఉంటుంది. మా ఆయన గుంటూరు మనిషి, ఉత్త నెమ్మదస్తుడు. ప్రతిసారీ ఆ వలలో నిమిషం తిరక్కుండా పడతాడు. "సూపు వేడిగా ఉందే" అంటాడు మురిసిపోతూ. సూపు తాగడానికి ఇంత దూరం రావాలా అని నేను, వచ్చాక తాగితే తప్పేముందని ఆయన. మా పెళ్ళయిన నాటి నుంచీ తెగని పంచాయితీ ఇది.

ఇన్ని బఫేలు తిరిగినా నాకు ఒక్క పంతం మాత్రం తీరలేదు. అది మా మేనమామ గురించి.

మామ మా అమ్మకు తమ్ముడు. జగిత్యాల దగ్గర పల్లె, అత్త అక్కడే ఉంటుంది. అబుదాబి అవతల మఫ్రఖ్‌లో వెల్డింగ్ పని, అక్కడే కూలీల క్యాంపులో మకాం. నేను పెళ్ళయి ఇక్కడికి వచ్చేనాటికే ఆయన ఈ దేశంలో పాతకాపు. నెలకో, రెండు నెలలకో బస్సు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. వచ్చేటప్పుడు వాళ్ళ క్యాంపు దగ్గరి బనియాస్‌లో, దుకాణంలో తోటకూర కట్టలు కొని తెచ్చేవాడు, మా అల్ నహ్దాలో తోటకూర దొరకనట్టు. ఆయనకున్న రోగం ఒక్కటే. గరిటె ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టి "సాలు బిడ్డా, సాలు" అంటాడు. మనలో చాలు అన్నవాడికి ఇంకో గరిటె వేయడం మర్యాద. పెట్టేవాళ్ళకూ తెలుసు, తినేవాళ్ళకూ తెలుసు. మామ మాత్రం అడ్డం పెట్టిన చెయ్యి తీయడు. వేలి సందుల్లోంచి పులుసు కారినా తీయడు. ఇది మొహమాటం అనుకున్నాను నేను. ఈయన కడుపు నిండా తింటుంటే ఒక్కసారి నా కళ్ళతో చూడాలి అని పంతం పట్టాను. బఫేలో అయితే వడ్డించేవాళ్ళు ఉండరు, ఎవరిని చూసి మొహమాటపడతాడు, అదీ నా లెక్క.

మొదటిసారి తీసుకెళ్ళింది కరోనా కాలంలో, మూసిన హోటళ్ళు మళ్ళీ తెరిచిన కొత్తలో. నా ఖర్మ కాలి అప్పుడు గరిటెలు మన చేతికివ్వడం లేదు. గాజు పలకల వెనక మాస్కులు, గ్లవుజులు వేసుకున్న అమ్మాయిలు నిలబడి వాళ్ళే వడ్డిస్తున్నారు. మామ ప్లేటు చాపడం, ఆ అమ్మాయి గరిటె వంచడం, మామ "బస్ బస్" అనడం. ఆ ఫిలిప్పీన్స్ పిల్లకు మన మర్యాదలు ఏం తెలుసు? బస్ అంటే నిజంగానే చాలనుకుని టక్కున ఆపేసింది. అలా బిర్యానీ దగ్గర ఒక బస్, చేప దగ్గర ఒక బస్, మటన్ దగ్గర రెండు. చివరికి ఆయన ప్లేటులో మిగిలింది రుచి చూడటానికి ఇచ్చే నమూనాలు. ఇంటికి వచ్చాక చూస్తే వంటింట్లో నిలబడి, పొద్దుటి అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకుని తింటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత గాజు పలకలు తీసేశారు. వాటితో పాటు రుచి కూడా తీసేసినట్టున్నారు. బొటనవేలంత ఉండే రొయ్యలు చిటికెన వేలి గోరంత అయ్యాయి. గ్లాసులో నీళ్ళు సగానికి రాకముందే వచ్చి నింపిపోయేవాళ్ళు, ఇప్పుడు ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపినా ఇటు చూడరు. ముగ్గురు చేసే పని ఒక్కడి మీద వేస్తే వాడు మాత్రం ఎటు చూస్తాడు, పాపం. మెనూ అడిగితే బల్ల మీద అంటించిన గళ్ళ బొమ్మ చూపించి ఫోనుతో చదువుకోమంటారు. వడ్డనే లేని చోట చదువు ఒకటి. అయినా నేను వదల్లేదు. ఇంకా మర్యాద మిగిలి ఉన్న హోటళ్ళు రెండో మూడో ఉన్నాయని కళ్ళలో వత్తులు వేసుకుని వెతుక్కునేదాన్ని.

ఈలోపు ప్రభుత్వం సెలవు రోజునే మార్చేసింది. అప్పటిదాకా శుక్రవారం సెలవు. క్యాంపుల్లో దాన్ని జుమ్మా అంటారు. మామ నోట విని విని మా ఇంట్లోనూ అదే మాట స్థిరపడిపోయింది. "ఈ జుమ్మాకు ఎక్కడికి?" అంటే ఈ సెలవుకు ఎక్కడికి అని. 2022 మొదట్లో దుబాయ్ ఆఫీసుల సెలవులు శని, ఆదివారాలకు జరిగాయి. మా ఆయన శుక్రవారం కూడా లంచ్ డబ్బా పట్టుకుని ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. హోటళ్ళ వాళ్ళు శుక్రవారం పెద్ద బఫేని శనివారానికి జరుపుకున్నారు. మా ఇంట్లో మాట మాత్రం జరగలేదు. శనివారాన్ని కూడా జుమ్మా అనే అన్నాం. మామ క్యాంపులో మాత్రం జుమ్మా ఇంకా శుక్రవారమే.

పోయిన ఏడాది మామ వీసా క్యాన్సిల్ చేసుకున్నాడు. ఇక ఖలాస్, ఇంటికే. కంపెనీ లెక్కలన్నీ తేలాయి, ఆదివారం విమానం. ఆయన ఈ దేశం వదిలేలోపు నా పంతం తీరాలి. మా ఆయన సెలవు చూసి, దుబాయ్ దేరాలో మంచి పేరున్న హోటల్లో శనివారానికి ముందే డబ్బు కట్టేశాను. రద్దు చేస్తే డబ్బు తిరిగి రాదని చిన్న అక్షరాల్లో రాశారు. నేను రద్దు చేసేది ఉంటే కదా.

మామకు ఫోన్ చేశాను. "మామా, ఈ జుమ్మాకు బఫేకు పోతున్నం. కడుపు మాడ్చుకొని రావాలె."

"మంచిది బిడ్డా" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం గంట మోగింది. తలుపు తీస్తే మామ. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో ఎప్పటిలాగే తోటకూర.

"ఇయ్యాలనే అచ్చినవేంది మామా?"

"జుమ్మాకు అన్నవ్ గద బిడ్డా. పొద్దుగాల చాయ గూడ తాగలే."

నేను నవ్వాపుకోలేకపోయాను. మాకు జుమ్మా ఇప్పుడు శనివారం వస్తుందని చెప్పాను. ఆయన తోటకూర కట్టను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, "శనివారమా?" అన్నాడు.

"అవ్, పైసలు గూడ కట్టేసిన. మార్చుడు లేదట. మస్తుంటది మామా, మ్యాకను మొత్తంగ కాల్చి పెడతరట!"

"మంచిగున్నది బిడ్డా" అన్నాడు మామ. నేను గబగబా వండి పెడితే నాలుగు ముద్దలు తిని చెయ్యి అడ్డం పెట్టాడు. రేపు చెబుతా నీ సంగతి అనుకున్నాను.

మర్నాడు హోటల్లో ఎప్పటిలాగే ఒట్టి చేతులతో ఒక చుట్టు తిరిగి వచ్చాను. వాళ్ళు చెప్పిందంతా నిజమే. మేక ఉంది, రొయ్యలు మళ్ళీ బొటనవేలంత ఉన్నాయి, కోడిని ఏడు వేషాల్లో నిలబెట్టారు. సంబరంగా బల్ల దగ్గరికి వస్తే మామ ప్లేటులో నాలుగు కీరా చక్రాలు, రెండు టమాటా ముక్కలు, ఒక రొట్టె.

"గిదేంది మామా?"

"ముందుగాల ఇది తిందామని బిడ్డా."

రెండోసారి వెళ్ళి మళ్ళీ కీరాతోనే వచ్చాడు. నాకు తిక్క రేగింది. నేనే వెళ్ళి ప్లేటు నిండా మేక మాంసం పెట్టించుకొచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక్క వేలితో ఆ ప్లేటును కొంచెం అవతలికి జరిపాడు.

అప్పుడు, ఇంట్లో కొత్త కర్టెన్లు కట్టినా నెల దాకా గమనించని మా ఆయన, రొయ్య వలుచుకుంటూ అన్నాడు. "ఏమే, ఇవాళ శనివారం కదా. మామయ్యగారు శనివారం తినరేమోనే."

మా మామ శనివారం నీసు ముట్టడు. వెంకన్న రోజు. మా పుట్టింట్లో కూడా ముట్టరు. శనివారం మా ఇంట్లో కోడికూర వాసన రావడం నా చిన్నతనంలో ఎరగను. అంతా తెలుసు. కానీ మేం దానికి జుమ్మా అని పేరు పెట్టుకున్నాం కదా, అది శనివారమన్న సంగతే నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

"నిన్ననే చెప్పద్దా మామా!"

"పైసలు కట్టిన్నంటివి. గంత సంబురంగ ఉంటివి. ఎట్ల చెప్పుదు?"

ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. నాకు ఆ రెండూ కలిసొస్తే కోపమే గెలుస్తుంది. సరే, శాకాహారమే పెడదామని ఆ మూలకు వెళ్ళాను. పప్పు ఉంది. నా కళ్ళ ముందే ఒక పెద్దమనిషి చేపల పులుసు గరిటె తెచ్చి పప్పులో ముంచాడు. వెజిటబుల్ బిర్యానీలో అప్పటికే కోడి ఎముక ఒకటి తొంగి చూస్తోంది. మేనేజర్ని పిలిపించాను. నాకు వచ్చిన హిందీ అంతా వాడేశాను. ఆయన చేతులు కట్టుకుని, మనుషులు తక్కువ మేడమ్, మూడు కౌంటర్లకు ఒక్కడే మేడమ్, అన్నాడు. తక్కువైతే ధర కూడా తగ్గించొద్దా అని నేను. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి మమ్మల్ని చూశారు. మామ తల దించుకుని, "ఊకో బిడ్డా, ఊకో" అంటున్నాడు.

ఇదంతా విన్న నేపాలీ వెయిటర్ ఒకాయన, నడివయసు మనిషి, వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి ట్రేతో వచ్చాడు. తెల్లన్నం, ఎండుమిర్చి తాలింపు వేసిన చిక్కటి పప్పు, ఆలుగడ్డ వేపుడు. "హమారా స్టాఫ్ కా ఖానా హై మేడమ్. చమ్చా భీ అలగ్ హై" అన్నాడు. వాళ్ళ సిబ్బంది తినే తిండట, గరిటె కూడా వేరేనట. ఆ హాల్లో ఉన్న అన్ని పదార్థాలకంటే మంచి వాసన ఆ పప్పుదే. నిజం చెబుతున్నాను.

మామ పక్కన కూర్చుని అన్నం పెట్టి పప్పు వేశాను. రెండో గరిటె ఎత్తగానే చెయ్యి అడ్డం వచ్చింది. "సాలు బిడ్డా."

"ఏం సాలు? రేపు ఇమానం ఎక్కుతవ్. నా చేతుల ఒక్కపూట కడుపునిండ తినవా? నా దగ్గర గూడ నీకు మొహమాటమేనా మామా?"

మా ఆయన రొయ్యలు పక్కన పెట్టేశాడు.

మామ చెయ్యి తీశాడు. ప్లేటు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు. "మొహమాటం గాదు బిడ్డా. క్యాంపుల గిన్నె పట్టుకొని, మంచం మీద గోడ దిక్కు తిరిగి తినుడే అలవాటైంది. ఎవలన్న దగ్గర కూసొని పెట్టుకుంట సూస్తుంటే నాకు ముద్ద దిగది. సెలవు మీద ఇంటికి పోయినా గంతే. నెల రోజులు ఎట్లనో ఎల్లదీస్తుంటి." ప్లేటును కొంచెం తిప్పాడు. "ఇప్పుడు మీ అత్త రోజూ ఎదురుంగ కూసుంటది. పొద్దున, రాత్రి, రోజు. నువ్వు చెప్పు, అట్ల ఎట్ల తింటరు బిడ్డా?"

వేళాకోళానికి అడగలేదు. అంత వయసు మనిషి, తెలియక అడిగాడు. రేపు వెళ్ళాలంటే ఆయనకు భయంగా ఉంది.

నేను గరిటె గిన్నెలో పెట్టేశాను. లేచి, మామకు సరిగ్గా ఎదురుగా ఉన్న మా ఆయన్ని లేపి, ఆ కుర్చీలో కూర్చున్నాను. మోచేతులు బల్ల మీద ఆనించాను.

"నన్ను సూసుకుంట తిను మామా. తొందరేం లేదు."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు, వెంటనే దించుకున్నాడు. మళ్ళీ చూశాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. నేను గరిటె ముట్టుకోలేదు, ఇంకొంచెం అని కూడా అనలేదు. రెండో ముద్ద, మూడో ముద్ద. ప్లేటు ఖాళీ అయ్యాక దాన్ని నా వైపు జరిపి, ఈసారి చూపు తిప్పుకోకుండా అన్నాడు.

"జెరంత పప్పెయ్యి."