గుడ్ ఫ్రైడే నాటి సంతకం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నన్ను ఎంత పెద్ద అబద్ధంలో నుంచి బయటికి లాగాడో చెప్పకుండా ఈ చాప మీద కూర్చోవడం ఇక నా వల్ల కాక లేచాను. నేను యోహానును, మాది కోస్గి దగ్గర పల్లె, జడ్చర్ల అవతల ఒక విత్తనాల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. ఆ బండి చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, ముందు రెండు ఇనుప ఫోర్కులు చేతుల్లా చాచి ఉంటాయి, వాటితో బస్తాల దొంతరను ఎత్తి కప్పుదాకా పెడుతుంది. మా బాపు హమాలీగా బస్తాలు మోసీ మోసీ నడుం వంగిపోయినవాడు, నా కొడుకు కూర్చున్నచోటు నుంచే బస్తాలు ఎత్తుతాడని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ గర్వం నా తలకెక్కింది.

రోజూ బండి తీసే ముందు ఒక కాగితం నింపాలి. బ్రేకు, హారన్, గొలుసులు, ఫోర్కులు ఒక్కొక్కటీ వంగి చూసి టిక్కు పెట్టి సంతకం చేయాలి. దసరాకు తోటి డ్రైవర్లు బండి ముందు గుమ్మడికాయ కొడితే నేను దూరంగా నిలబడి నా దేవుడు నాకు చాలనుకునేవాణ్ణి, రోజూ పొద్దున్నే బండి మీద చెయ్యి పెట్టి, 'ప్రభువా, ఈ బండిని నీ రక్తంతో కప్పు, ఎవరికీ హాని రానీయకు' అని ప్రార్థించి, ఆమేన్ అనగానే ఎక్కి కూర్చునేవాణ్ణి. దేవుడికి అప్పగించాక మళ్లీ వంగి చూడటమంటే విశ్వాసం లేనట్టేనని నా లెక్క. ఇక కాగితాలంటారా, తనిఖీ ఉందని తెలిస్తే ముందురోజు డ్రైవర్లందరం చాయ్ తాగుతూ నెలవి ఒక్కసారే నింపేవాళ్లం. కొన్ని రోజులకు నీలం పెన్ను, కొన్నిటికి నల్ల పెన్ను, అలాగైతేనే నిజంగా రోజూ రాసినట్టు కనబడుతుందని అందరికీ నేర్పింది నేనే.

ఆ ఫోర్కుల కింద పొద్దంతా జారిన బస్తాలు సర్దుతూ నిలబడేది లక్ష్మమ్మ, మక్తల్ దిక్కు మనిషి, నన్ను తమ్మీ అని పిలుస్తుంది. ఆమె తల పైనే నేను బరువు ఎత్తేవాణ్ణి.

ఒకసారి అలాంటి తనిఖీకి ముందురోజు నేను చేసిన ప్రార్థన ఇది. 'ప్రభువా, రేపు వచ్చే మేడం కళ్లకు ఏమీ కనబడనీయకు.' నవ్వకండి, మీలోనూ కొందరు ఇలాంటివి చేసే ఉంటారు.

తనిఖీకి వచ్చిన మేడం గొంతు పెంచే మనిషి కాదు. సంచిలో పాత గుడ్డలు, ఒక కిరోసిన్ సీసా, సుద్దముక్కలు తెచ్చింది, ఇవెందుకా అని మేమంతా తొంగి తొంగి చూశాం. ముందు నా కాగితాలు, పక్కన హాజరు పట్టీ పెట్టుకుని తిప్పుతూ ఒకచోట ఆగింది.

"గీ దినం నువ్వు లీవుల ఉన్నవు గద. మరి బండిని ఎవరు సూసిండ్రు?"

అది గుడ్ ఫ్రైడే. ఆ మధ్యాహ్నం నేను ఇదే మందిరంలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు వింటూ కన్నీళ్లు తుడుచుకుంటున్నాను. ఆ రోజుకు కూడా బ్రేకు సరి, ఫోర్కులు సరి అని టిక్కులు పెట్టి సంతకం చేశాను! మేడం వెనక మా సూపర్‌వైజర్ చెప్పొద్దని తల ఊపుతున్నాడు. తేదీ పొరపాటున పడిందంటే అయిపోయేది, నిజం చెబితే పని పోవచ్చు. 'ప్రభువా, నువ్వు నా కోసం చనిపోయిన రోజున నేను అబద్ధం రాశాను' అని లోపల అనుకున్నాను, ఆ వెంటనే నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఎవరు సూడలే మేడం. గీ నెలల ఒక్కనాడు గూడ నేను సూడలే. అన్నీ నిన్ననే రాసిన."

ఆమె తిట్టలేదు. "సరే, ఇప్పుడు సూద్దాం పా" అంది. నన్ను బండి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. ఫోర్కు వంపు దగ్గర జిడ్డు తుడిచి, కిరోసిన్ పూసి, కాసేపాగి పొడిగా తుడిచి, పైన సుద్ద రుద్దింది. "జర ఆగు" అంది. నాలుగేళ్లుగా ఎక్కి తిరిగిన బండిని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి, ఏం బయటపడుతుందో తెలియక ఆ సుద్ద వైపే చూస్తున్నాను, లక్ష్మమ్మ కూడా వచ్చి నా భుజం మీదుగా వంగింది. తెల్లటి సుద్దలో వెంట్రుకంత సన్నగా ఒక తడి గీత లేచింది. బీటలో దూరిన కిరోసిన్ బయటికి వస్తోంది.

"విరగడానికే ఉంది ఇది. దీని కింద ఎవరుంటరు?" అని అడిగింది మేడం.

"నేనే ఉంటనమ్మా" అంది లక్ష్మమ్మ.

అక్కడే నేలకు తల ఆనించి ఏడ్చాను, సహోదరులారా. నేను కప్పిపెట్టమన్నదాన్ని దేవుడు బయటపెట్టాడు, ఆమె ప్రాణం దక్కింది. దేవునికే మహిమ. ఆ రోజే బండికి తాళం పడింది, కొత్త ఫోర్కులు వచ్చేదాకా నన్ను హమాలీ పనికి పంపారు. ఇంకొకడు ఎత్తిన బరువు కింద నిలబడి పైకి చూస్తే ఎలా ఉంటుందో ఆ రోజుల్లో తెలిసింది. సూపర్‌వైజర్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు ఏ వస్తువు చూసినా లోపల ఏముందో అని వంగి చూడాలనిపిస్తుంది, ఇంట్లో గ్యాస్ పైపుకు కూడా సబ్బు నురగ రాసి చూస్తున్నానని మా ఇంటావిడ నవ్వుతుంది.

లక్ష్మమ్మను క్షమించమని అడిగితే, "మాఫీ ఏంది తమ్మీ, పొద్దుగాల నన్ను పిలువు, ఇద్దరం కలిసి సూద్దాం" అంది. ఇప్పుడు ఆమె టార్చి పడుతుంది, నేను చూసి రాస్తాను. ఆ తర్వాతే ప్రార్థన చేస్తాను. ఆమెది మన విశ్వాసం కాదు, అయినా ఆమేన్ అనేదాకా కొంగు తల మీదకు లాక్కుని నిలబడుతుంది.

మీలో ఎవరైనా రేపు పొద్దున చూడనిదాన్ని చూశానని సంతకం పెట్టాల్సి ఉంటే, ప్రభువును నమ్మండి, నిజం చెప్పినవాణ్ణి ఆయన విడిచిపెట్టడు. కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి మోకరిద్దాం. తెల్లారి మీ సూపర్‌వైజర్ ముందుకు వెళ్లడానికి భయమేస్తే, నేను కూడా మీ వెంట వస్తాను.