కిషోర్ నడిపిన సూరమ్మ పడవ

నిన్న పొద్దున సాహూ వాట్సాప్ స్టేటస్‌లో మా కిషోర్ ఫొటో కనిపించింది.

మళ్ళీ ఏదో గేమ్ గెలిచి పండగ చేసుకుంటున్నారనుకున్నాను. కడుపు మండింది. కింద ఏం రాశాడో కూడా చదవకుండా ఫోన్ పక్కన పడేసి స్నానానికి వెళ్ళిపోయాను.

బయటికి వచ్చేసరికి మా ఆవిడ స్వాతి గుమ్మంలో నిలబడి ఉంది. "కిషోర్ అన్నయ్య పోయారంటండీ," అంది.

గుండెపోటు. తెల్లవారుజామున.

ఆ కబురు కూడా నాకంటే ముందు సాహూకీ, అతని సిల్తారా వాళ్ళకే తెలిసింది. ఏడుపు రాకముందు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇదే. ఏం చేయను, నా బుద్ధి అంత.

కిషోర్‌దీ నాదీ రాయపూర్ రైల్వే కాలనీ. రెండు కుటుంబాలూ విజయనగరం వైపు నుంచి వచ్చినవే. క్వార్టర్ల మధ్య ఒకటే గోడ. పెద్దయ్యాక వాడు ఊరి బయట సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంట్‌లో చేరాడు, నేను ఊళ్ళోనే ఆఫీసులో.

మమ్మల్ని కలిపి ఉంచింది ఒక బోర్డ్ గేమ్.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈ ఆటలో ఒకరినొకరు ఓడించుకోరు. అందరూ ఒకే టీమ్. వరదల్లో చిక్కుకున్న ఒక ఊరిని కాపాడాలి. కథ సీరియల్‌లా వారం వారం నడుస్తుంది. ఈ వారం కూలిన వంతెన వచ్చే వారం కూడా కూలే ఉంటుంది, దాని మీద స్టిక్కర్ అంటించేస్తాం. సీల్ వేసిన డబ్బాలుంటాయి, కథ చెప్పినప్పుడే తెరవాలి. ఎవరి పాత్రకి వాళ్ళే పేరు పెట్టుకోవాలి.

కిషోర్ తన పాత్రకి వాళ్ళ నానమ్మ పేరు పెట్టాడు. సూరమ్మ.

ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లోనే ఆట. నేను, స్వాతి, వాడు. మే నెల ఎండల్లో కూడా ఫ్యాన్ ఆపేయాల్సిందే, లేకపోతే కార్డులు ఎగిరిపోతాయి. కిషోర్ కూలర్‌ని గోడ వైపు తిప్పేసేవాడు. మిక్చర్ కూడా స్పూన్‌తోనే తినాలి. కార్డుకి నూనె మరక అంటితే పెళ్ళి బట్టలు పాడైనంత గోల చేసేవాడు.

ఒకసారి తుఫానులో చిన్న వంతెన కూలింది. నేను హడావిడిలో స్టిక్కర్ తీసుకెళ్ళి పెద్ద వంతెన మీద అంటించేశాను. ఊరంతా రెండు ముక్కలైపోయింది.

స్వాతి గోటితో గీకి తీయబోయింది. కిషోర్ అడ్డుపడ్డాడు.

"వద్దు చెల్లెమ్మా. చిపకా దియా తో చిపకా దియా. అంటించీసినాడంటే అంటించీసినాడే. ఈడు కూల్చీసినాడు, కూలిపోనాది. ఇప్పుడేటి సేద్దామో సూడండి."

ఆ రోజు నుంచి వాడు తన పాత్ర దారే మార్చేసుకున్నాడు. సూరమ్మ పడవ కొనుక్కుంది. కథ పొడుగునా మా అందరినీ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరవేయడమే ఆవిడ పని. నా తప్పుకి ఒక్క మాట అనలేదు. తెడ్డు పట్టాడు, అంతే.

ఆ తర్వాత వచ్చాడు సాహూ.

ప్లాంట్‌లో కిషోర్‌తో పాటు పనిచేసేవాడు. అదే గేమ్ ఇంకో సెట్ తెప్పించి, కిషోర్‌ని కూడా కలుపుకుని సిల్తారాలో మొదలుపెట్టాడు. మాకంటే వెనక మొదలుపెట్టి మాకంటే ముందు పూర్తి చేసేశారు. గెలిచిన ప్రతిసారీ స్టేటస్. మధ్యలో మా వాడు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.

ఎవరూ ఎవరితోనూ పోటీ పడని ఆటలో కూడా కుళ్ళుకోవడానికి ఒకణ్ణి వెతుక్కున్నాను నేను.

"అక్కడ నీ పాత్ర పేరేంట్రా?" అని అడిగితే "నీకెందుకురా" అని నవ్వేవాడు. మా సూరమ్మ కంటే గొప్ప పేరే పెట్టి ఉంటాడని ఖాయం చేసుకున్నాను.

"కథంతా తెలిసిపోయిందిగా, ఇంక మాతో ఆడడం దేనికి?" అని కూడా అన్నాను.

"కత తెలుసురా. నువ్వేటి సేస్తావో తెల్దు గదా. బస్, ఉసీకే లియే ఆతా హూఁ. అది సూడ్డానికే వస్తాను."

మాకు ఆఖరి డబ్బా ఒక్కటే మిగిలింది. ఈ ఆదివారం తెరుద్దామనుకున్నాం.

నిన్న సాయంత్రం ముక్తిధామ్ శ్మశానంలో సాహూ నాకంటే ఎక్కువ ఏడ్చాడు. అది కూడా ఓర్చుకోలేకపోయాను. దూరంగా వెళ్ళి నిలబడితే, అతనే నా దగ్గరికి వచ్చాడు.

"శీను భాయ్, సచ్ బోలూఁ? ఆప్ సే బహుత్ జలన్ హోతీ థీ."

నా మీద ఇతనికి అసూయా! ఎందుకని అడిగాను.

సిల్తారా ఆటలో కిషోర్ పాత్ర పేరు శీను.

నాకు తెలుసనే అనుకున్నాడట సాహూ. ఆఖరి వరదలో ఆ శీను మునిగిపోబోతుంటే, టీమ్ దగ్గరున్న పడవలన్నీ వాడి ఒక్కడి కోసమే పంపేశాడట కిషోర్. అందరూ కేకలేశారట.

"ఇసే మర్‌నే నహీఁ దూంగా," అన్నాడట. వీణ్ణి చావనివ్వను. "ఘర్ జాకే జవాబ్ దేనా హై." ఇంటికెళ్ళి జవాబు చెప్పుకోవాలి.

శీను బతికాడు. ఆఖరి డబ్బా వాడి చేతే తెరిపించాడట.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఒరేయ్ కిషోర్, ఇప్పుడు నాకు సాహూ మీద ఈర్ష్య లేదురా. ఆ శీను మీద ఉంది. వాడు నీతో ఆఖరి దాకా ఆడాడు. వాణ్ణి నువ్వు ఒడ్డుకి చేర్చి వెళ్ళావు. నన్ను సగం నదిలో వదిలేశావు.

ఆదివారం డబ్బా తెరుస్తాం. సాహూని రమ్మన్నాను. కథ తెలిసినా నోరు విప్పనన్నాడు. మిక్చర్ స్పూన్‌తోనే తింటాడట.

ఇన్నాళ్ళూ నువ్వు తెడ్డేశావు, ఇంక చాలు. ఆ ఒడ్డున హాయిగా, చల్లగా కూర్చోరా.

సూరమ్మని మేం మునగనివ్వం.