ఎర్తు బోల్టు మీద లక్క

పాయకరావుపేట నుంచి అనకాపల్లి వస్తున్న బస్సు యలమంచిలి దాటిన కాసేపటికి ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది. డ్రైవరు దిగి, గాలిపోయిన టైరుని కాలితో ఓ తన్ను తన్ని, అంతటితో తన వంతు పూర్తయినట్టు చెవి వెనకనున్న బీడీ తీసి ముట్టించాడు. కూతురు మహేక్ ఇంట్లో రెండు పూటలు ఉండి తిరిగొస్తున్న మీరా సాహెబ్ కూడా అందరితోపాటు దిగాడు. కూతురింటి నుంచి వచ్చే తండ్రికి తొందరేం ఉంటుంది? పొద్దు వాలుతోంది. చెరుకు తోటల మీంచి గాలి చల్లగా వస్తోంది. కాళ్ళు సాగుతాయని నాలుగడుగులు ముందుకు వేశాడు.

ముందు ఓ తెల్ల వ్యాను ఆగి ఉంది. పక్కనే ఒక అమ్మాయి ఫోను వెలుతురు దీపాల మీదకి పట్టుకుని, వాటితో గొడవ పడుతున్నట్టు నిలబడింది.

మనుషుల్ని కొందరు ముఖం చూసి గుర్తుపడతారు, కొందరు నడక చూసి. మీరా సాహెబ్ బళ్ళని వాటి దీపాల్ని బట్టి గుర్తుపడతాడు. కుడివైపు దీపం కొత్తది, ఎవరో ఈమధ్య వేసింది. ఎడమవైపుది మాత్రం గుండ్రంగా, చుట్టూ మెరుపు రేకుతో ఉంది. ఆ రేకు అంచుని బండికి సరిపోయేలా ఆకురాయితో అరగదీసిన చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు. ఆ చెయ్యి ఇప్పుడు జేబులోని టెస్టరుని పట్టుకుని వదలడం లేదు.

దీపాల పని వాళ్ళ ఇంటికి తాతలనాటిది. మీరా సాహెబ్ తండ్రి పెళ్ళిళ్ళకీ, నూకాలమ్మ జాతరకీ పెట్రోమాక్సు లైట్లు అద్దెకిచ్చేవాడు. నలుగురి నెత్తిన నాలుగు లైట్లు పెట్టి నడిపిస్తే ఊరేగింపు వీధంతా తెల్లబడేదట. వెలుగు వెనక అంత చాకిరీ ఉంటుందని పెళ్ళికొడుకులకి తెలియదు. బాగుచేసిన లైటుని ఆయన వెంటనే ఇచ్చేవాడు కాదు. వెలిగించి పక్కన కూర్చునేవాడు. టీ తెప్పించుకుని తాగేవాడు. ఆ లైటు బాగా కాలి, వేడెక్కి, అప్పటికీ వెలుగు ఊగకుండా నిలిస్తేనే మనిషి చేతికి ఇచ్చేవాడు. కాలం మారి పెట్రోమాక్సులు అటకెక్కాక కొడుకు బెల్లం మార్కెట్టు దగ్గర కార్ల వైరింగు షాపు పెట్టాడు. లారీలు, జీపులు, బెల్లం దిమ్మలు మోసే వ్యాన్లు, అన్నింటి కళ్ళూ ఆయన చేతుల మీదుగానే తెరుచుకునేవి.

ఏటికొప్పాక బంగారయ్య అలా వచ్చినవాడే. లక్క బొమ్మలు చేసేవాడు. బొమ్మల్ని బస్సు మీద వేసి తీసుకెళ్తే సగం పగులుతున్నాయని పాత వ్యాను కొన్నాడు. దాని దీపాలు గుడ్డివి. ఎదుటి లారీలు కళ్ళలో కొడుతుంటే రోడ్డు కనబడటం లేదనీ, తనక్కూడా గట్టివి కావాలనీ అడిగాడు. ఈ రోడ్ల మీద అందరూ అడిగేది అదే. ఎదుటివాడి కన్నా తన దీపం ఓ పిసరు ఎక్కువ వెలగాలి. చివరికి అందరికీ కళ్ళు బైర్లు కమ్మడమే మిగిలింది. మీరా సాహెబ్ బయట నుంచి దీపాలు తెప్పించి, కంపెనీ ఇచ్చినదానికి రెట్టింపు వాట్ల బల్బులు పెట్టి, అంత కరెంటుకి స్విచ్చి కాలిపోకుండా రిలే వేశాడు. కరెంటు బండి ఇనుములోకి తిరిగిపోయే ఎర్తు తీగలు రెండు దీపాలవీ కలిపి ఎడమ దీపం వెనకున్న ఒకే బోల్టుకి బిగించాడు. విడివిడిగా వేసుండాల్సింది. ఆ రోజు షాపు ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. పని నడుస్తుండగానే ఇద్దరూ బావా బావా అని పిలుచుకునే దాకా వచ్చారు.

వానాకాలంలో బంగారయ్య మళ్ళీ వచ్చాడు. దీపాల్లోకి నీళ్ళు దిగి అద్దం లోపల ఆవిరి పడుతోందన్నాడు. మీరా సాహెబ్ తలెత్తకుండానే నవ్వుతూ ఓ మాట అని పంపేశాడు. ఏమన్నాడో ఆ మర్నాటికే మరిచిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి, కశింకోట దగ్గర, చీకటి పడే వేళ బంగారయ్య వ్యాను ఆగి ఉన్న చెరుకు ట్రాక్టరుని గుద్దింది. కుడిచెయ్యి నలిగింది. దీపాలు రెండూ ఒక్కసారే ఆరిపోయాయని అతను అందరికీ చెప్పాడు. బండిని లాక్కొచ్చి అనకాపల్లిలో పెట్టినప్పుడు ట్రాక్టరువాళ్ళు, పెద్దమనుషులు మీరా సాహెబ్‌ని పిలిచారు. ఆయన బ్యాటరీ తగిలించి స్విచ్చి వేశాడు. మిగిలిన ఎడమ దీపం భగ్గుమని వెలిగింది. చేతికి కట్టుతో బంగారయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఆరిపోనాయి బావా. నీకు నేను అబద్దం సెప్తానా?" అన్నాడు.

"నీ కళ్ళముందే ఎలుగుతోంది కదా బావా. నా పనిలో లోటు లేదు," అన్నాడు మీరా సాహెబ్, నలుగురికీ వినబడేలా.

అని స్విచ్చి ఆపేశాడు. కూర్చోలేదు. టీ తాగలేదు. దీపాన్ని వేడెక్కనివ్వలేదు.

బంగారయ్య తాగి నడిపాడని ఊరు తేల్చేసింది. తప్పు చిన్నదో పెద్దదో గాని, ఆ కట్టు చెయ్యి మీరా సాహెబ్‌ని వదల్లేదు. ఒకసారి వెళ్ళి చూసిరమ్మని భార్య ఖమర్జహాన్ ఎన్నిసార్లు అన్నా, శుక్రవారం వెళ్తాననేవాడు. శుక్రవారాలు గడిచాయి. వైరింగు మానేసి బ్యాటరీలు చార్జింగు పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఎందుకు మానేశావని అడిగితే కళ్ళు ఆనడం లేదనేవాడు.

ఇప్పుడు ఆ దీపమే ఎదురుగా ఉంది.

ఏమయిందని అడిగాడు. ఆ అమ్మాయి పేరు రాజశ్రీ. బంగారయ్య కూతురు. ప్రమాదం నాటికి అమ్మమ్మగారి ఊళ్ళో చదువుకునేది, ఈయన్ని ఎప్పుడూ చూడలేదు. షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న వ్యానుని తనే బాగుచేయించి, అనకాపల్లి షాపులకి బొమ్మలు వేస్తోందట.

"మెకానిక్ కాడికి తీసుకెల్తే బానే ఎలుగుతాయి బాబాయ్. రోడ్డెక్కి కాసేపయితే రెండూ పోతాయి. బల్బులు మార్సేరు, ఫీజులు మార్సేరు, రిలే మార్సేరు. ఇంక నన్ను మార్సడమే తరవాయి."

రెండూ పోతాయి అన్న మాట దగ్గర మీరా సాహెబ్ వెనక్కి తిరిగి నడిచాడు. బస్సు డ్రైవరు దగ్గర స్పానరూ, వైరు ముక్కా అడిగి తెచ్చాడు. స్విచ్చి వెయ్యమన్నాడు. టెస్టరు పెట్టి చూస్తే, దీపం వెనక వైర్లు కలిసే కప్లరు దాకా కరెంటు బాగానే వస్తోంది. వైరు ఒక కొస ఎర్తు తీగకీ, రెండో కొస రంగు లేని ఇనుముకీ తాకించాడు. రెండు దీపాలూ ఒక్కసారే లేచాయి. వైరు తీస్తే ఆరిపోయాయి. అంటే ఎర్తు అందడం లేదు. అంటే ఆ బోల్టు.

చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. వేడిగా, జిగటగా తగిలింది. దుమ్ము పట్టి నల్లగా, రబ్బరులా ఉంది. ఇన్నేళ్ళుగా చూసినవాళ్ళందరూ రబ్బరే అనుకుని ఉంటారు. గోటితో గీరితే కింద పసుపు రంగు మెరిసింది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఒత్తినప్పుడు వచ్చే వాసన వచ్చింది. వేడికి మెత్తబడి తీగ చుట్టకీ, ఇనుముకీ మధ్యకి పాకింది. లక్కలోంచి కరెంటు పోదు. చల్లారితే గట్టిపడి ముడుచుకుంటుంది, దీపం మళ్ళీ వెలుగుతుంది. మెకానిక్ దగ్గరా వెలుగుతుంది. పెద్దమనుషుల ముందూ వెలుగుతుంది.

"ఇదెవరు పూశారమ్మా?"

"మా నాన్నే. ఎనకటికి నీల్లు దిగిపోతన్నాయంటే, లైట్లు బిగించినాయనే సెప్పేడంట, మీ ఊరి లక్కేదో పూసెయ్ బావా అని. ఇప్పటికీ సెప్పుకుంటాడు, నా లక్క దాటి సుక్క నీరు ఎల్లలేదు అని."

తలెత్తకుండా నవ్వుతూ అన్న మాట అది. వానాకాలం, షాపు ముందు బారులు తీరిన బళ్ళు, అన్నీ ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చాయి. పనివాడికి పనివాడు చెప్పిన మాటని బంగారయ్య వేళాకోళం అనుకోలేదు. ఇంటికెళ్ళి, మంచి రంగు ఎంచి, బొమ్మకి పూసినంత శ్రద్ధగా, బోల్టుని కూడా వదలకుండా పూశాడు.

నాన్న చెయ్యి ఎలా ఉందని అడిగాడు. రెండు వేళ్ళు ముడుచుకోవనీ, కడ్డీ పట్టలేడనీ, నాన్న రంగులు కలిపి ఇస్తే, బొమ్మ కర్రని తిప్పే పట్టడ దగ్గర తనూ అమ్మా కూర్చుంటామనీ చెప్పింది. అడక్కపోయినా ఇంకో మాట చెప్పింది. "సెయ్యి పోయినందుకు బాధ లేదు బాబాయ్. నా మాట ఎవులూ నమ్మలేదంటాడు. బిగించినాయనే అంతా బాగుందనీసేడు, ఇంకెవులు నమ్ముతారు?"

మీరా సాహెబ్ బోల్టు విప్పాడు. లక్కని మొత్తం గీకేశాడు. ఇనుము తెల్లగా మెరిసేదాకా స్పానరు అంచుతో రాశాడు. రెండు దీపాలకీ ఎర్తు విడివిడిగా, వేరు వేరు చోట్ల కట్టాడు. ఆ రోజు కట్టాల్సిన విధంగా. స్విచ్చి వేయించాడు. వెలిగాయి. ఆయన మాత్రం కదల్లేదు. రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. ఇంకా ఎందుకని రాజశ్రీ అడిగితే, వేడెక్కనియ్యమన్నాడు. అటు టైరు ఊడదీస్తున్నారు. ఇటు దీపాలు కాలుతున్నాయి. వాటి ముందు పురుగులు చేరాయి. వెలుగు తగ్గలేదు.

"ఏటి పోయింది బాబాయ్? నాన్న అడుగుతాడు, ఏటని సెప్పను?"

నిజం సగం చెబితే బంగారయ్య మాట నిలబడుతుంది. మొత్తం చెబితే, తను పూసిన లక్కతోనే తన చెయ్యి పోగొట్టుకున్నానని ఈ వయసులో ఒకడు తెలుసుకుంటాడు. మీరా సాహెబ్ లక్క మాట ఎత్తలేదు.

"ఎర్తు ఒకే బోల్టుకి కట్టేరు తల్లీ. అది పోతే రెండూ పోతాయి. ఆ రోజూ ఆరిపోయే ఉంటాయి. మీ నాన్న అబద్ధం ఆడలేదు. కట్టినవాడిదే తప్పని చెప్పు."

ఆ అమ్మాయి గబగబా ఫోను తీసి నొక్కింది. నాన్నా, రోడ్డు మీద ఒక సాయిబు గారు బండి బాగుచేశారనీ, ఆ రోజు నువ్వన్నదే నిజమంటున్నారనీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. అవతలి గొంతు ఏదో అడిగింది. వినబడనంత దూరంలో లేడు మీరా సాహెబ్.

"మీ పేరేటని అడుగుతన్నాడు బాబాయ్. ఫోను ఇమ్మంటన్నాడు," అంటూ ఆమె ఇటు తిరిగింది.

రాయి మీద స్పానరు ఉంది. మీరా సాహెబ్ అప్పటికే లేచాడు. బస్సు వైపు కాదు, అనకాపల్లి వైపు. ఆమె ఫోను చాచి పట్టుకునే ఉంది. తను కట్టిన దీపాల వెలుగు వీపున పడుతుంటే, చేతివేళ్ళకి అంటిన పసుపు లక్కని చొక్కాకి తుడుచుకుంటూ, వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.